కుంచం కింది దీపం

(క్రిస్మస్‌కు ముందు కమలాపురంలో మాలపల్లె, మాదిగపల్లె వాళ్లు కలిసి పెట్టుకున్న సభలో 'వెలుగు' గురించి చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలారా, అక్కలారా, అన్నలారా, తమ్ముళ్లారా! అందరికీ జై భీమ్. అందరికీ వందనాలు.

ఈ రెండు మాటలు ఒకే నోటితో అంటే కొందరికి మింగుడు పడదు. చర్చిలో జై భీమ్ అంటే సంఘపెద్దలు మొహం చిట్లిస్తారు. ఉద్యమం మీటింగులో వందనాలంటే మనోళ్లే కొందరు నవ్వుతారు. మాకు మాత్రం రెండూ కావాల. ఎందుకు కావాల్నో చెప్పడానికే ఈ పూట మీ ముందు నిలబడినాం.

వెలుగు గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచినారు. పండగ దగ్గరికొచ్చింది. ఎర్రగుంట్ల నుంచి కమలాపురం వచ్చే దోవలో చూస్తా వచ్చినాం. వెదురుబద్దలు వంచి, రంగుకాగితం అంటించి, లోపల బల్బు పెట్టి మన పిల్లోళ్లు కట్టిన స్టార్లు పల్లెపల్లెకూ వేలాడుతున్నాయి. ఎంత దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది, ఇవి మనోళ్ల ఇండ్లని.

మన తంటా కూడా అదే. దూరం నుంచే తెలిసిపోతుంది.

మా ఇంట్లో జరిగిందే చెప్తాం. చాలా ఏండ్ల కిందటి మాట. డిసెంబరు నెలే. మా ఇంట్లో పిల్లోడికి కుల సర్టిఫికెట్టు కావలసి వచ్చింది. అర్జీ పెట్టినాం. రేపు విచారణకు వస్తారని ఎవరో వచ్చి చెవిలో చెప్పిపోయినారు. ఆ రాత్రి మా అమ్మ స్టూలు వేసుకొని వాకిట్లో కట్టిన స్టారు దించింది. గోడ మీద యేసు పటం తీసి పెట్టె అడుగున పెట్టింది. చిన్న కొయ్య సిలువ ఉంటే అది బియ్యం డబ్బాలో పెట్టి, పైన సేరు బోర్లించింది. ఆ పనంతా చూస్తా ఉన్న పిల్లోడు అడిగినాడు: 'అమ్మా, యేసుసామి ఏమన్నా తప్పు చేసినాడా? ఎందుకు దాస్తావుండావు?'

మా అమ్మ జవాబు చెప్పలేదు. బల్బు ఆర్పి పడుకోమనింది. సర్టిఫికెట్టు వచ్చింది. పిల్లోడు చదువుకున్నాడు. ఆ ప్రశ్న మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఈ పూట మేం చేసే ప్రసంగమంతా ఆ పిల్లోడికి జవాబు అనుకోండి.

నూనె ఖర్చు

వెలుగు అంటే అందరికీ ఒకటే అర్థం కాదు. అడగకుండానే వెలుగు దొరికిన ఇంట్లో పుట్టినోడికి అది పద్యంలో పెట్టుకునే ఉపమానం. మనకు అది నూనె ఖర్చు.

మన అవ్వలకాలంలో ఆముదం దీపం. మన అమ్మలకాలంలో సీమనూనె బుడ్డి. రేషను నూనె నెలాఖరు దాకా రావాలంటే పొద్దు గూకకముందే సంగటి గెలికి పిల్లోళ్లకు పెట్టి పడుకోబెట్టాల. రాత్రి ఆ బుడ్డి ముందు చదువుకుంటే తెల్లారి ముక్కుల్లో మసి. ఊర్లో కరెంటు స్తంభాలు పాతిన ఎన్నో ఏండ్లకు గాని పల్లెలోకి వైరు రాలేదు. 1988-89లో కేంద్ర ప్రభుత్వం 'కుటీర జ్యోతి' అని పేదోళ్ల ఇంటికి ఒక్క బల్బు ఇచ్చే పథకం పెట్టింది. ఒక్క బల్బు! అది వంటింట్లో పెట్టాల్నా, చదువుకునే పిల్లోడి నెత్తిన పెట్టాల్నా అని కొట్లాడుకున్న ఇండ్లు మనవి.

ఊర్లో పెండ్లి ఊరేగింపు గుర్తుందా? గ్యాసులైట్లు నెత్తిన పెట్టుకొని రెండు వరసల్లో నడిచింది ఎవరు? మనోళ్లే. మనోళ్లు, మన పక్కనుండే పేదకులాలోళ్లు. వెలుగు పెండ్లికొడుకు మొహం మీద పడుతుంది. మోసేవాడి మొహం మీద పడదు. వాడి మెడ మీద వేడి, చెవిలో బుస్సుమనే చప్పుడు, అంతే. వెలుగు మోయడం వేరు, వెలుగులో ఉండటం వేరు. ఈ తేడా తెలిసిన జాతి మనది.

అందుకే యేసు చెప్పిన కథలు పండితులకంటే మన ఆడోళ్లకే బాగా అర్థమవుతాయి. లూకా సువార్త పదిహేనో అధ్యాయంలో ఒక ఆడమనిషి ఉంది. పది వెండి నాణేల్లో ఒకటి పోయింది. దీపం ముట్టించి, ఇల్లంతా ఊడ్చి, దొరికేదాకా వెదికింది. దీపం ఎందుకు? కిటికీ లేని ఇల్లు. పగలు కూడా చీకటి ఉండే ఇల్లు. ఒక్క నాణెం పోతే ఇల్లు గడవని ఇల్లు. అది దొరికినాక ఇరుగుపొరుగు ఆడోళ్లను పిలిచి సంతోషంగా చెప్పుకుంది. పోయినోళ్లను దేవుడు ఎట్లా వెదుకుతాడో చెప్పడానికి యేసు రాజునో, పూజారినో చూపించలేదు. చీపురు పట్టుకొని, దీపం పట్టుకొని ఇంట్లో వంగి వెదికే పేద ఆడమనిషిని చూపించినాడు. చీపురు పట్టిన చెయ్యి అంటరాని చెయ్యి అని చెప్పిన దేశంలో ఈ కథకు ఎంత బలముందో ఆలోచించండి.

ప్రార్థనింటి లాంతరు

మన జిల్లాకు లండన్ మిషను 1822లో వచ్చింది. కడపలో మొదలుపెట్టినారు. తొలి ఏండ్లలో వాళ్ల మాట పెద్దగా ఎవరూ వినలేదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యకొచ్చేసరికి మాలపల్లెలు కదిలినాయి. ఒకడొకడుగా కాదు, పల్లెకు పల్లె కదిలింది. తర్వాత జమ్మలమడుగులో ఆస్పత్రి కట్టినారు. ఈ పొద్దుకు కూడా మనోళ్లు దాన్ని క్యాంబెల్ ఆస్పత్రి అనే పిలుస్తారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినాక లండన్ మిషను గుళ్లు, బళ్లు, ఆస్పత్రులు ఆ సంఘం కిందికి వచ్చినాయి.

అన్నం కోసం మతం మారినారని ఊరోళ్లు ఎగతాళి చేస్తారు. గంజి క్రైస్తవులని పేరు పెట్టినారు. ఆకలిగొన్నోడు అన్నానికి పోతే తప్పేముంది? కడుపునిండినోడు పదవికి పోవడం కంటే అది చెడ్డదేం కాదు. అయితే అన్నమొక్కటే కాదు. కంచెల వెనక, పెంటదిబ్బల వెనక ఉన్న పల్లెలో ఒక మట్టిగోడల ప్రార్థనిల్లు లేచింది. అందులో ఒక లాంతరు వేలాడింది. పగలు అది బడి, రాత్రి అది గుడి. పొలం పనికి పోయొచ్చిన పిల్లోడికి ఆ లాంతరు కింద పంతులు అక్షరాలు దిద్దించినాడు. ఉపనిషత్తుల్లో చీకటి నుంచి వెలుగులోకి నడిపించమని ఒక ప్రార్థన ఉందంట. ఆ ప్రార్థన చదివిన నోళ్లే మన చెవిలో అక్షరం పడగూడదని శాసించినాయి. వెలుగును కోరుకున్నారు, పంచుకోలేదు. ఆ లాంతరు కింద మొదటిసారి ఆ శాసనం చెల్లకుండా పోయింది.

ఇంకో సంగతి. ఆదివారం మనోళ్లు తెల్లబట్టలు కట్టుకొని గుడికి పోవడం మొదలుపెట్టినారు. ఊరి చాకలి మన బట్టలు ఉతికేవాడు కాదు. మనమే ఉతుక్కున్నాం. ఉతికిన బట్ట కట్టుకొని వీధిలో నడిస్తే పొగరెక్కిందన్నారు. వెలుగు బిడ్డలుగా నడవండని పౌలు రాసిన మాటకు మన పల్లె ఇచ్చుకున్న తాత్పర్యం ఆ ఉతికిన పంచె. పరలోకం సంగతి తర్వాత, ముందు వీధిలో తలెత్తి నడవడం.

నలుపు చీకటి కాదు

ఇక్కడ ఒక పొరపాటును కూడా ఒప్పుకోవాల. మిషనరీలు తెచ్చిన వెలుగుతోపాటు వాళ్ల రంగు కూడా వచ్చింది. అన్యులంటే చీకటి, చీకటంటే నలుపు, నలుపంటే పాపం. గోడ మీద తెల్లటి యేసు, బంగారు జుట్టు దేవదూతలు. పాపంతో నా గుండె నల్లబడిందని మన నల్లటి అమ్మలు నల్లటి చేతులు జోడించి ఏడ్చినారు. ఏమమ్మా, నలుపేం పాపం చేసింది? ఎండలో పని చేసినోడి చర్మం నల్లగాక ఎట్లుంటుంది?

బైబిలును మనమే చదువుదాం. పరమగీతంలో మాట్లాడే అమ్మాయి తాను నల్లనిదాన్నని, అందగత్తెనని ఒక్క ఊపిరితో చెప్పుకుంటుంది. ద్రాక్షతోటల్లో కావలికి పెట్టినందుకు ఎండకు కమిలినానంటుంది. అంటే కూలిపిల్ల! సీనాయి కొండ మీద మోషే దేవుడి దగ్గరికి పోయింది వెలుతురులోకి కాదు, గాఢాంధకారంలోకి. దేవుడు ఆడ ఉన్నాడని నిర్గమకాండం చెప్తుంది. సౌలు దమస్కు దోవలో చూసిన వెలుగు ఏం చేసింది? మూడు దినాలు కండ్లు పోగొట్టింది. అధికార పత్రాలు చేతబట్టుకొని పేద విశ్వాసుల్ని పట్టుకోడానికి బయల్దేరినోడికి వెలుగు మొదట గుడ్డితనంగానే వస్తుంది.

కాబట్టి బైబిల్లో చీకటి అంటే రంగు కాదు. మనిషి మనిషిని చూడలేని స్థితి. యోహాను మొదటి పత్రికలో ఇది తేటతెల్లంగా ఉంది: వెలుగులో ఉన్నానని చెప్పుకుంటా తోడబుట్టినోణ్ణి ద్వేషించేవాడు ఇంకా చీకట్లోనే ఉన్నాడు. ఇంతకంటే సూటిగా కులాన్ని గురించి ఎవరు చెప్పగలరు?

ఈ సంగతి మన సాహిత్యం ఎప్పుడో పట్టుకుంది. 1941లో గుర్రం జాషువ 'గబ్బిలం' రాసినాడు. క్రైస్తవ ఇంట్లో పుట్టిన కవి. అందులో అరుంధతీ సుతుడు రాత్రిపూట గుడిసెలో ఉంటే గబ్బిలం లోపలికి వస్తుంది. దాని రెక్కల గాలికి వాడి చిన్న ఆముదపు దీపం ఆరిపోతుంది. ఇంకొకడైతే గబ్బిలాన్ని తరిమికొట్టేవాడు. అది అపశకునమని ఇల్లు వదిలిపెట్టేవాడు. వీడు మాత్రం దాంతోనే మాట్లాడినాడు. తనకు ప్రవేశం లేని గుడిలో గబ్బిలానికి ప్రవేశం ఉంది గదా, నా గోడు శివుడికి చెప్పమన్నాడు. దీపం ఆరినాకనే వాడి నోరు లేచింది! 1989లో బొజ్జా తారకం వాళ్లు దళితుల పక్షపత్రిక మొదలుపెట్టి దానికి 'నలుపు' అని పేరు పెట్టుకున్నారు. వెలుగని పెట్టుకోలేదు, జ్యోతి అని పెట్టుకోలేదు. నలుపు అని పెట్టుకొని నాలుగు పల్లెలకు వెలుగిచ్చినారు. ఆ పేరుకు, మన విశ్వాసానికి తగువు లేదు. తగువల్లా చీకటితోనే.

కుంచం ఎవరిది?

ఇప్పుడు అసలు మాటకొస్తాం. కొండమీద చేసిన ప్రసంగంలో యేసు తన ముందు కూర్చున్నోళ్లను చూసి మీరు లోకానికి వెలుగన్నాడు. ఎవరు వాళ్లు? జాలరులు, కూలోళ్లు, రోగులు, పన్నులు కట్టలేనోళ్లు. రోమా దొరల్ని అనలేదు, యెరూషలేము గుడి పెద్దల్ని అనలేదు. ఆ వెంటనే ఒక మాట చెప్పినాడు. దీపం ముట్టించినోళ్లు దాన్ని కుంచం కింద పెట్టరు, అందరికీ కనపడేటట్టు స్తంభం మీద పెడతారు.

కుంచం అంటే ఈకాలం పిల్లోళ్లకు తెలియదు. నాలుగు మానికలైతే కుంచం, నాలుగు కుంచాలైతే తూము. ధాన్యం కొలిచే పాత్ర. గ్రీకులో ఉన్న మాట మోదియోస్. అది కూడా రోమా రాజ్యంలో ధాన్యం కొలిచే పాత్రే, సుమారు తొమ్మిది లీటర్లు పట్టేది. మన సీమలో పడి అనండి, సేరు అనండి, పని ఒకటే.

ఆ కొలత ఎవరి చేతుల్లో ఉండేది? కళ్లంలో కూలి కొలిచేది ఎవరు? భూమి ఉన్నోడు. మనకిచ్చేటప్పుడు తలగొట్టి కొలిచినాడు, మన దగ్గర తీసుకునేటప్పుడు గోపురం పెట్టి కొలిచినాడు. మన ఇంట్లో కుంచం లేదు, కుంచానికి సరిపడే గింజలూ లేవు. కుంచం అంటే ఎవరికెంత అని నిర్ణయించే అధికారం. మరి మన దీపం మీద కుంచం బోర్లించింది ఎవరై ఉంటారు?

యేసు ఆ మాటను ఎగతాళిగా అన్నాడని మాకు అనిపిస్తుంది. ఎవడన్నా దీపం ముట్టించి కుంచం కింద పెడతాడా అని. పెడతాడు స్వామీ, పెడతాడు. మా అమ్మ పెట్టింది. బియ్యం డబ్బాలో సిలువ పెట్టి పైన సేరు బోర్లించింది. అది ఆమెకు విశ్వాసం లేక కాదు. ఆ సేరు ఆమె చేతికి ఇచ్చింది ఈ దేశపు చట్టం.

1950 ఆగస్టు 10

ఆ చట్టం ఏమిటో పల్లెలో ప్రతి ఇంటికీ తెలియాల. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడే, 1950 ఆగస్టు 10న, రాష్ట్రపతి పేరు మీద షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాకుండా వేరే మతం పాటించేవాణ్ణి షెడ్యూల్డు కులంవాడిగా లెక్కించగూడదని దాని సారాంశం. 1956లో సిక్కుల్ని చేర్చినారు. 1990లో బౌద్ధుల్ని చేర్చినారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయినారు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలను బీసీ-సీ అన్నారు. ఒక్క శాతం రిజర్వేషను ఇచ్చినారు.

దీని అర్థం చూడండి. మాలోడు బాప్తిస్మం తీసుకుంటే ఊరు వాణ్ణి ఇంకా మాలోడనే అంటుంది. మాదిగోడు తీసుకుంటే ఊరు వాణ్ణి మాదిగోడనే అంటుంది. ఇల్లు అక్కడే, శ్మశానం అక్కడే, కూలి అంతే. మారిందల్లా సర్టిఫికెట్టులో ఒక అక్షరం. దాంతో చదువులో సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది, పోటీచేసే రిజర్వుడు స్థానం పోతుంది. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఎస్సీ, ఎస్టీలకే గాబట్టి, కొట్టినా తిట్టినా నువ్వు ఎస్సీవి కాదు పొమ్మని వాదించే వీలు కొట్టినోడికి దొరుకుతుంది. ఎస్సీల ఇండ్లకు ఇచ్చే ఉచిత కరెంటుకూ కుల సర్టిఫికెట్టే ఆధారం. అంటే గుండెలో దీపం వెలిగించుకున్నామని బయటికి చెప్తే ఇంట్లో బల్బు ఆరిపోతుంది!

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మాలల్ని చంపినారు. ఆ చనిపోయినోళ్ల పేర్లు చదవండి. బైబిలు పేర్లు కనపడతాయి. గొడ్డలి ఎత్తినోడు కులం చూసినాడే గాని, వీడు ఏ గుడికి పోతాడని అడగలేదు. గొడ్డలికి తెలిసిన సంగతి చట్టానికి తెలియకుండా పోయింది.

ఇది మార్చాలని చెప్పినోళ్లు లేక కాదు. రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో ఆ మూడో పేరా తీసెయ్యమని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషను వేసినారు. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవుల్ని ఎస్సీలుగా గుర్తించమని కేంద్రాన్ని కోరుతా తీర్మానం చేసింది. తీర్మానాలు ఢిల్లీకి పోతాయి. పోయిన దోవ మనకు తెలుసు, వచ్చిన దోవే తెలియదు.

అందుకే మన ఇండ్లల్లో రెండు పేర్లు. బడి రిజిస్టరులో ఒకటి, గుడి రిజిస్టరులో ఒకటి. బయటోళ్లు దీన్ని దొంగతనమంటారు. మేం అనం. ఒకడి పేరును రెండుగా చీల్చిన చట్టాన్ని ముందు అడగాల, చీలిన పేరుతో బతికేవాణ్ణి తర్వాత అడుగుదాం. ఆ రాత్రి స్టారు దించిన అమ్మను ఏ అయ్యగారూ తిట్టే పని లేదు. పేతురు చలిమంట ముందు కూర్చొని యేసు ఎవరో తెలియదన్నాడు. మంట వెలుగులో మొహం గుర్తుపట్టి అడిగితే ప్రాణభయంతో అన్నాడు. సంఘం ఆయన్ను వెలివేయలేదు.

దీపం కింద చీకటి

అయితే అన్నీ బయటోళ్ల మీదే పెట్టి తప్పించుకుంటే మనకు వెలుగు గురించి మాట్లాడే అర్హత ఉండదు.

ఇక్కడికి దగ్గర్లోనే, ఎర్రగుంట్లకు ముద్దనూరుకు మధ్య, కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. 1994లో మొదటి యూనిట్టు మొదలైంది. ఆరు యూనిట్లు కలిపి 1650 మెగావాట్ల సామర్థ్యం. ఆడ పుట్టిన కరెంటు పెద్ద తీగల మీద ఎక్కడెక్కడికో పోతుంది. బొగ్గు కాలితే మిగిలే బూడిద మాత్రం ఈడనే ఉంటుంది. దీపం కింద చీకటి అనే సామెతకు ఇంతకంటే పెద్ద బొమ్మ మన తాలూకాల్లో లేదు.

ఆ పొగగొట్టాల్ని చూసినప్పుడల్లా మాకు మన చర్చిలే గుర్తొస్తాయి. వాక్యం పైకి పోతుంది, తీగల మీద లోకమంతా పోతుంది. కింద బూడిద. ఒకే పల్లెలో మాలోళ్ల ప్రార్థన ఒక గుడిలో, మాదిగోళ్ల ప్రార్థన ఇంకో గుడిలో. పెండ్లి మాటకొస్తే యేసు బిడ్డలందరూ ఒకటే అన్న నోరే ఉపకులం అడుగుతుంది. రెడ్లు క్రైస్తవులైన చోట వాళ్ల బెంచీ వేరే, పెత్తనం వేరే. ఆంథోని పూల గారు 1992లో మన కడప మేత్రాసనానికే గురువుగా అభిషేకం పొందినారు, తర్వాత కర్నూలు పీఠాధిపతి అయినారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయినారు. దళితుల్లో నుంచి కార్డినల్ అయిన మొదటి మనిషి. సంతోషమే, గర్వమే. ఇన్ని వందల ఏండ్ల సంఘంలో మొదటి మనిషి కావడానికి 2022 దాకా పట్టిందంటే మాత్రం ఆ ఆలస్యం బ్రాహ్మణ అగ్రహారాల ఖాతాలో రాయలేం. మన గుడి ఖాతాలోనే రాయాల.

మాదిగ అన్న మొహం మాల తమ్ముడికి కనపడకపోతే, మాల చెల్లెలి మొహం మాదిగ అక్కకు కనపడకపోతే, గుడికి ఎన్ని సీరియల్ లైట్లు కట్టినా యోహాను లెక్క ప్రకారం అది చీకటే. ఈ పూట ఇక్కడ రెండు పల్లెలు ఒక్క పందిరి కింద కూర్చున్నాయి. ఈ పందిరిలో ఉన్నది నాలుగు ట్యూబులైట్లే. చాలు.

మరి ఏం చేయాల?

యెషయా యాభై ఎనిమిదో అధ్యాయం ఇంటికి పోయి చదవండి. వేకువలాంటి వెలుగు ఎప్పుడొస్తుందో ఆడ షరతులతో సహా రాసి ఉంది. కాడి విరిచినప్పుడు, అణగదొక్కినోళ్లను విడిపించినప్పుడు, ఆకలిగొన్నోడికి నీ అన్నం పెట్టినప్పుడు. ఉపవాసాలు చేసినప్పుడని లేదు, కొవ్వొత్తులు ముట్టించినప్పుడని లేదు.

మొదటిది. సర్టిఫికెట్టు మీద పిల్లోడి చదువు ఆధారపడిన ఇంటికి పోయి, ధైర్యముంటే స్టారు కట్టు అని మేం చెప్పం. ఆ బరువు పిల్లోడి నెత్తిన పెట్టగూడదు. పోగొట్టుకునేది తక్కువ ఉన్నోళ్లు ముందు నడవాల. అయ్యగార్లు, బిషప్పులు, మిషను బళ్లు ఆస్పత్రులు నడిపే పెద్దలు, పెన్షను తీసుకునే మన ఉద్యోగులు, మీరు సంతకాలు పెట్టండి. మూడో పేరా తీసెయ్యమని ప్రతి గుడి నుంచీ, పెద్దలందరి పేర్లతో ఒక అర్జీ కమిషనుకు, పార్లమెంటు సభ్యుడికి పోవాల. పండగ రోజు ప్రసంగంలో ఆ అర్జీ చదవాల. దీపాన్ని స్తంభం మీద పెట్టాల్సింది ఇంట్లో అందరికంటే పొడుగున్నోడు.

రెండోది. మన ప్రార్థన మందిరాల్లో ఆదివారం, బుధవారం తప్ప మిగిలిన రాత్రులు లైట్లు ఆర్పి తాళాలేస్తున్నాం. ఆ తాళం తీయండి. పల్లెలో చదువుకున్నోళ్లు పూటకొకరు కూర్చొని పిల్లోళ్లకు చదువు చెప్పండి. మాలపిల్లోడా, మాదిగపిల్లోడా, దూదేకులపిల్లోడా, యేసును నమ్ముకున్నోడా లేదా అని అడగొద్దు. అంబేడ్కర్ బొంబాయి పరేల్‌లో ఒంటిగది ఇంట్లో, తెల్లవారుజామున రెండు గంటలకు లేచి, దీపం ముందు చదువుకున్నాడు. ఆయనకు ఆ దీపం ఎవరూ దానమివ్వలేదు. మన పిల్లోళ్లకు అంత కష్టం ఎందుకు? కరెంటు ఉంది, ఫ్యాను ఉంది, బెంచీలున్నాయి. మన అవ్వతాతల లాంతరు మళ్లీ ఆడ వెలగాల.

మూడోది. ఈ క్రిస్మస్‌కు క్యారల్స్ పాడేవాళ్లు ఒక్క పల్లెకే పోకండి. మాలపల్లె పాటగాళ్లు మాదిగపల్లెలో ప్రతి గడపకూ పోవాల, మాదిగపల్లె పాటగాళ్లు మాలపల్లెలో ప్రతి గడపకూ పోవాల. ఇచ్చిన టీ తాగాల, పెట్టింది తినాల. తిరిగి వచ్చేటప్పుడు ఎవరిల్లు ఏదో గుర్తుపెట్టుకోవాల.

ఐగుప్తు మీదికి వచ్చిన తెగుళ్లలో చీకటి తెగులు ఒకటుంది. మూడు దినాలు రాజు కోటలో కూడా ఒకరి మొహం ఒకరికి కనపడలేదు. బానిసలున్న గోషెనులో మాత్రం వెలుగుంది. పిల్లోళ్లకు ఈ కథ చెప్పండి. ఊరు చీకట్లో ఉన్న రాత్రి పల్లెలో వెలుగుండటం కొత్తేమీ కాదని, దేవుడు ముందే ఒకసారి అట్లా చేసినాడని చెప్పండి.

ఆ పిల్లోడికి మా జవాబు ఇది: నాయనా, యేసుసామి ఏ తప్పూ చేయలేదు. మీ అమ్మా చేయలేదు. ఆ సేరు మీ అమ్మది కాదు. దాన్ని ఆమె ఒక్కతే ఎత్తలేదు. అందరం కలిసి ఎత్తుదాం, పట్టు ఒక చెయ్యి.